జర్మనీలో నాలుగేళ్ళ బాబు పుట్టినరోజు: ఎవర్ని పిలవాలి, ఎంతమందిని, ఎప్పుడు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. స్టుట్‌గార్ట్ దగ్గరికి వచ్చి ఏడాదిన్నర అయింది. బాబుకి నవంబర్ 12, బుధవారంతో నాలుగేళ్ళు నిండుతాయి. కిండర్‌గార్టెన్ గ్రూపులో ఇరవై మంది దాకా పిల్లలున్నారు, చుట్టుపక్కల తెలిసిన తెలుగు కుటుంబాలు పదిహేను. అందర్నీ కలిపి ఒక హాల్లో పిలిస్తే సరిపోతుందా? బుధవారం కుదరదు కాబట్టి ముందు శనివారమే చేసేయొచ్చా? కార్తీకమాసం కదా, గుడ్డు లేని కేక్ సంగతేంటి?

సూటిగా చెప్తాను. కలిపి చేయకండి. బాబు స్నేహితులకి ఒకరోజు, మనవాళ్ళకి ఇంకోరోజు పెట్టుకోండి. పిల్లల పార్టీకి నలుగురు, మహా అయితే ఐదుగురు. 15వ తేదీ శనివారం, మధ్యాహ్నం 3 నుంచి 5:30 దాకా, మీ ఇంట్లోనే. ముందు శనివారం మాత్రం అస్సలు వద్దు. హాలు అక్కర్లేదు. గుడ్డు లేని కేక్ గురించి కింద కొలతలతో సహా రాస్తాను.

నేను ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. ఇద్దరు పిల్లల్ని ఇక్కడే పెంచాను, ఒక కిటాలో (చిన్నపిల్లల డేకేర్, కిండర్‌గార్టెన్‌లని ఇక్కడ ఇలా అంటారు) టీచర్‌గా పనిచేస్తున్నాను. అంటే పుట్టినరోజు పిల్లాడి తల్లిగా, పిలుపు అందుకున్న తల్లిగా, పొద్దున్నే కాగితం కిరీటం అతికించే మనిషిగా, మూడు వైపుల నుంచీ చూస్తుంటాను.

కలపొద్దని ఎందుకంటున్నానంటే, మన పార్టీకీ వీళ్ళ పార్టీకీ గడియారమే వేరు. మనకి ఆరింటికి రమ్మంటే ఏడుకి వస్తారు. ఎనిమిదింటికి కేక్, తొమ్మిదింటికి భోజనాలు, పిల్లలు పరుగెడుతూ ఉంటారు, పెద్దవాళ్ళు కబుర్లలో ఉంటారు. అది మనకి సరదానే. ఇక్కడి నాలుగేళ్ళ పిల్లలు చాలామంది ఏడున్నరకల్లా పడుకుంటారు. నాకు తెలిసిన ఒక కుటుంబం కమ్యూనిటీ హాలు తీసుకుని ఎనభై మందిని పిలిచి, వాళ్ళతోపాటు పాప స్నేహితులు ముగ్గుర్ని కూడా పిలిచింది. ఆ ముగ్గురి తల్లిదండ్రులు కార్డులో ఉన్న టైముకి, ఐదింటికల్లా, ఠంచనుగా వచ్చారు. హాల్లో అప్పటికి బెలూన్లు కడుతున్నారు. ఏడున్నరకి పిల్లలు నిద్రతో ఏడుస్తుంటే కేక్ తినకుండానే వెళ్ళిపోయారు. పాప మర్నాడు కిటాలో 'నా కేక్ ఎందుకు తినలేదు?' అని ఆ పిల్లల్నే అడిగింది. ఎవరి తప్పూ లేదు, రెండు పద్ధతుల్ని ఒకే హాల్లో పెట్టారంతే.

రెండో కారణం బాబు వయసు. నాలుగేళ్ళవాడికి ఎనభై మంది ఉన్న హాల్లో తన స్నేహితుడు కనపడడు. ఫొటోలకి నిలబెడతారు, ఒకరి తర్వాత ఒకరు కేక్ నోట్లో పెడతారు, వాడు ఆడుకునే సమయమే ఉండదు. అన్నట్టు, కేక్ మొహానికి పూయడం, స్నో స్ప్రే కొట్టడం ఇక్కడి పిల్లల ముందు చేయకండి. సరదా అని వాళ్ళకి అర్థం కాదు, బెదిరిపోతారు.

ముందు శనివారం ఎందుకు వద్దంటే: జర్మన్లు పుట్టినరోజు రాకముందే శుభాకాంక్షలు చెప్పడం అశుభం అనుకుంటారు. ఇది పల్లెటూరి ముసలివాళ్ళ నమ్మకం అనుకోకండి, మా కిటాలో పాతికేళ్ళ టీచర్లు కూడా ముందురోజు సాయంత్రం 'హ్యాపీ బర్త్‌డే' అనరు. పార్టీ ఎప్పుడూ అదే రోజు, లేకపోతే తర్వాత. మీరు 8న పిలిస్తే వస్తారు, కానీ ఎలా పలకరించాలో తెలియక ఇబ్బంది పడతారు. బుధవారం రాత్రే చేయాలన్న పట్టుదల కూడా వద్దు. మర్నాడు అందరికీ ఆఫీసు, పిల్లలకి కిటా.

ఆదివారం పెట్టుకోవాలనిపిస్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి. పాలు అయిపోయాయనో, కొవ్వొత్తులు మర్చిపోయామనో గుర్తొస్తే బేకరీయో, పెట్రోల్ బంకో, రైల్వే స్టేషన్ దుకాణమో తప్ప దిక్కు లేదు, బేకరీ కూడా కొన్ని గంటలే. అపార్ట్‌మెంట్లలో ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలన్న పట్టింపు కూడా ఉంటుంది. అందుకే శనివారం అన్నాను. అయినా మెట్ల దగ్గర ఒక చిన్న చీటీ అతికించండి: 'శనివారం మా బాబు పుట్టినరోజు, మధ్యాహ్నం కాస్త చప్పుడు ఉంటుంది' అని. ఆ చీటీ చూసి పక్కింటి పెద్దావిడ చాక్లెట్ తెచ్చివ్వడం కూడా చూశాను.

ఎంతమంది అన్నదానికి ఇక్కడ అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది: ఎన్నో ఏడో అంతమంది. నాలుగో పుట్టినరోజుకి నలుగురు. మనకి ఇది పిసినారితనంలా అనిపిస్తుంది. 'ఇరవై మందిలో నలుగుర్నే పిలిస్తే మిగతావాళ్ళు ఏమనుకుంటారు' అని మీరు రాశారు కదా, ఏమీ అనుకోరు, ఎందుకంటే వాళ్ళూ అంతే చేస్తారు. ఇరవై మందినీ పిలిస్తేనే ఇబ్బంది. ఆ ఇరవై మంది తల్లిదండ్రులూ ఇప్పుడు మీ బాబుని తిరిగి పిలవాలా అని ఆలోచనలో పడతారు.

ఆ నలుగురు ఎవరన్నది మీరు నిర్ణయించకండి. బాబుని అడగండి, తర్వాత వాళ్ళ గ్రూపు టీచర్ని కూడా అడగండి. 'మా వాడు ఎవరితో ఎక్కువ ఆడుకుంటాడు?' అని తల్లిదండ్రులు అడిగితే మాకు సంతోషమే. ఇంట్లో పిల్లలు చెప్పే పేర్లూ, కిటాలో మేం చూసే జట్లూ చాలాసార్లు వేరుగా ఉంటాయి. ఏడాదిన్నరే అయింది కాబట్టి మీ వాడికి జర్మన్ ఇంకా తడబాటుగా ఉండొచ్చు. స్నేహితులు ఇద్దరే అని టీచర్ చెబితే ఇద్దర్నే పిలవండి. భాష సరిగా రాని పిల్లలకి ఇద్దరితో రెండు గంటల ఆట పదిమందితో పార్టీ కంటే ఎక్కువ పనికొస్తుంది. సోమవారం కిటాకి వెళ్ళేసరికి వాళ్ళకంటూ ఒక జట్టు ఉంటుంది.

పిలుపు వాట్సాప్‌లో కాదు, కార్డు మీద. బాబు గీసిన బొమ్మ అతికిస్తే చాలు. అందులో నాలుగు విషయాలు తప్పకుండా ఉండాలి: మొదలయ్యే టైము, ముగిసే టైము, చిరునామా, ఏ తేదీలోపు జవాబు చెప్పాలో. ముగిసే టైము రాయడం మనకి మొరటుగా అనిపిస్తుంది, వచ్చినవాళ్ళని వెళ్ళమన్నట్టు. ఇక్కడ అది రాయకపోతేనే టెన్షన్, పిల్లల్ని ఎప్పుడు తీసుకెళ్ళాలో తెలియదు కాబట్టి. తల్లిదండ్రులు కూడా ఉండొచ్చా, పిల్లల్ని దింపి వెళ్ళాలా అన్నది కూడా రాయండి. నాలుగేళ్ళు అటూ ఇటూ కాని వయసు, కొందరు పిల్లలు అమ్మ లేకుండా ఉండరు. 'ఇష్టమైతే ఉండండి, కాఫీ ఉంటుంది' అని రాస్తే ఇబ్బంది ఉండదు. అలర్జీలు ఉంటే చెప్పమని కూడా ఒక ముక్క. కార్డులు బాబు చేతికిచ్చి అందరి ముందూ పంచమనకండి. కోట్లు తగిలించే చోట ప్రతి పిల్లాడి పేరుతో ఒక అర ఉంటుంది, అందులో పెట్టండి. పిలవని పిల్లలు కార్డు చూసి ఏడవడం నేను ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాను.

కార్డులు ఈ వారమే పెట్టేయండి. నవంబర్ 11 సాంక్ట్ మార్టిన్ పండగ. ఆ చుట్టుపక్కల రోజుల్లో కిటాలన్నీ లాంతర్ల ఊరేగింపు పెడతాయి, పిల్లలు తాము చేసిన కాగితం లాంతర్లు పట్టుకుని పాటలు పాడుతూ చీకట్లో నడుస్తారు. మీ కిటాలో అది ఏ రోజో కనుక్కోండి. 15నే అయితే పార్టీని తర్వాతి శనివారానికి జరపండి, లాంతర్ల ముందు మీ కేక్ నిలవదు.

ఇక బుధవారం పొద్దున కిటాలో జరిగేది. దీని గురించి మీరు అడగలేదు గానీ బాబుకి ఇదే ముఖ్యం. పుట్టినరోజు పిల్లాడికి కాగితం కిరీటం పెడతాం, గుండ్రంగా కూర్చుంటారు, మధ్యలో కొవ్వొత్తులు వెలిగిస్తాం, తన పక్కన ఎవరు కూర్చోవాలో వాడే చెప్తాడు, పాట పాడతారు. తర్వాత ఇంటి నుంచి తెచ్చింది అందరూ పంచుకుని తింటారు. అంటే ఇరవై మందితో పుట్టినరోజు అయిపోయినట్టే, మీరు హాలు తీసుకోనవసరం లేకుండా. ఏం తేవచ్చో ముందుగా అడగండి. చాలా కిటాలు పచ్చి గుడ్డు, క్రీము ఉన్నవి ఒప్పుకోవు, కొన్ని గింజలు వద్దంటాయి, కొన్ని అసలు తీపే వద్దని పండ్ల ముక్కలు పుల్లలకి గుచ్చి తెమ్మంటాయి. మామూలు మఫిన్లయితే దాదాపు ఎక్కడైనా సరే. ఆ రోజు బట్టలు మాత్రం మామూలువే వేయండి. కుర్తా, ధోతీ శనివారానికో గుడికో దాచండి. కిటాలో ఇసుకలో కూర్చుంటారు, వానైనా బయటికి తీసుకెళ్తాం.

గుడ్డు లేని మఫిన్లు, మా ఇంట్లో చేసే కొలత: మైదా 250 గ్రాములు (ఇక్కడ పిండి ప్యాకెట్ మీద 405 అని ఉండేది), చక్కెర 120, పెరుగు 250, నూనె 100 మిల్లీలీటర్లు, బాక్‌పుల్వర్ సగం ప్యాకెట్, నాట్రోన్ అర టీస్పూను, చిటికెడు ఉప్పు. మనవాళ్ళు తికమకపడేది ఈ రెండు పేర్ల దగ్గరే. నాట్రోన్ అంటే మన వంటసోడా, బాక్‌పుల్వర్ అంటే బేకింగ్ పౌడర్. ఇక్కడి బేకింగ్ పౌడర్ చిన్న ప్యాకెట్ ఒకటి అర కిలో పిండికి లెక్క, అందుకే సగం అన్నాను. గుడ్డు లేనప్పుడు పెరుగులో పులుపూ వంటసోడా కలిసి పొంగిస్తాయి, కాబట్టి కలిపిన వెంటనే ఓవెన్‌లో పెట్టేయాలి, పక్కన పెట్టి కబుర్లు చెప్పుకోకూడదు. 180 డిగ్రీల్లో ఇరవై నిమిషాలు, పన్నెండు మఫిన్లు వస్తాయి. బాగా మగ్గిన అరటిపండు ఒకటి మెదిపి వేస్తే పిల్లలకి నచ్చుతుంది. బయట కొనే కేకుల్లో గుడ్డు లేనిది కావాలంటే వీగన్ అని రాసి ఉన్నది చూడండి. వెజిటేరియన్ అని రాసి ఉంటే గుడ్డు ఉండొచ్చు. ఇండియాలోలా ప్రతి ప్యాకెట్ మీదా పచ్చ చుక్క ఉండదు, పదార్థాల జాబితా చదవాల్సిందే.

కార్తీకమాసం అన్నారు కాబట్టి గుడ్డు కంటే పెద్ద సంగతి చెప్తాను: జిలాటిన్, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెల్లీ పదార్థం. ఎలుగుబంటి గమ్మీలు, మార్ష్‌మాలోలు, రంగు రంగుల జెల్లీ, కొన్ని క్రీము కేకులు, వీటిలో జిలాటిన్ ఉంటుంది. గమ్మీల్లో ఎక్కువగా వాడేది పంది నుంచి తీసింది. కిటాలో, పార్టీల్లో పంచేవన్నీ ఇవే. జిలాటిన్ లేనివి, పండ్ల నుంచి తీసే పెక్టిన్‌తో చేసినవి పక్క అరలోనే దొరుకుతాయి. మీరు తినకపోతే టీచర్‌కి ఒక్కసారి చెప్పి పెట్టండి, మేం రాసి పెట్టుకుంటాం. పిలిచిన పిల్లల్లో ముస్లిం కుటుంబాలుంటే వాళ్ళకీ ఇదే కావాలి, అందుకని మొత్తం పార్టీకే జిలాటిన్ లేనివి కొంటే పని సులువు.

శనివారం కార్యక్రమం పెద్దగా ఆలోచించకండి. మూడింటికి వస్తారు. కాసేపు సిగ్గుపడతారు. ముందు కేక్, కొవ్వొత్తులు ఊదడం, అది అయిపోతే పిల్లలు కుదుటపడతారు. మనలా చివరి దాకా కేక్ దాచిపెట్టరు. తర్వాత బహుమతులు. ఇక్కడ వాటిని పక్కన పెట్టి రాత్రి విప్పరు, పిల్లలంతా గుండ్రంగా కూర్చుని మధ్యలో సీసా తిప్పుతారు, అది ఎవరి వైపు ఆగితే వాళ్ళ బహుమతి విప్పాలి. ఇచ్చిన పిల్లాడు తన బహుమతి విప్పడం చూడాలని ఎదురుచూస్తాడు, కాబట్టి ఇది మానకండి. ఏం కొనాలని వాళ్ళ తల్లిదండ్రులు మిమ్మల్ని అడుగుతారు. 'అయ్యో, ఏమీ వద్దండీ' అనకండి, ఆ మాటని నిజంగానే తీసుకుంటారు. పది, పదిహేను యూరోల్లో ఏదైనా చెప్పండి. కొన్ని బొమ్మల షాపుల్లో పుట్టినరోజు బుట్ట పెడతారు, బాబు కావాలనుకున్న బొమ్మలు అందులో వేసి పేరు రాసి ఉంచితే పిలిచినవాళ్ళు అందులోంచి కొంటారు, ఒకే బొమ్మ రెండుసార్లు రాదు.

ఆటల్లో ఒకటి తప్పనిసరి, టోప్ఫ్‌ష్లాగెన్. గిన్నె బోర్లించి కింద చాక్లెట్ పెడతారు. కళ్ళకి గంతలు కట్టిన పిల్లాడు చెక్క గరిటెతో నేలంతా కొట్టుకుంటూ దేకుతాడు, మిగతావాళ్ళు 'చల్లగా', 'వేడిగా' అని అరుస్తారు. గరిటె గిన్నెకి ఠంగుమని తగిలితే చాక్లెట్ వాడిది. దీనికి భాష అక్కర్లేదు, మీ బాబుకి అదే మేలు. కింద ఇంటివాళ్ళు గుర్తొస్తే కార్పెట్ మీద ఆడించండి. ఓడిపోయినవాళ్ళు బయటికి వెళ్ళిపోయే ఆటలు ఈ వయసుకి వద్దు, ముందు ఓడేది ఎప్పుడూ పుట్టినరోజు పిల్లాడే.

నవంబర్‌లో పుట్టడం ఇక్కడ ఒక లాభం. ఐదింటికల్లా చీకటి పడుతుంది. పిల్లలందరి దగ్గరా కిటాలో చేసిన లాంతరు ఉంటుంది, కార్డులోనే 'లాంతరు తెచ్చుకోండి' అని రాయండి. నాలుగున్నరకి కోట్లు తొడిగి, దగ్గర్లోని పార్కులో ఐదారు చోట్ల చిన్న గుర్తులు పెట్టి, లాంతర్లతో నిధి వేట ఆడించండి. చివరి గుర్తు దగ్గర వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళే చిన్న సంచులు దాచండి. ఆ సంచుల్లో ఎక్కువ పెట్టొద్దు: స్టిక్కర్లు, సబ్బు బుడగల డబ్బా, ఒక పిక్సీ పుస్తకం. అరచేతిలో పట్టే ఆ చదరపు పుస్తకాలు దాదాపు ప్రతి పుస్తకాల షాపులోనూ దొరుకుతాయి. మన రిటర్న్ గిఫ్టుల్లా స్టీలు డబ్బాలు, పేరు చెక్కించిన బాటిళ్ళు ఇస్తే తీసుకున్నవాళ్ళు మొహమాటపడతారు. వెనక్కి వచ్చాక వెళ్ళేముందు కాస్త తిండి. పిజ్జా, ఫ్రెంచ్ ఫ్రైస్ అందరూ పెడతారు. నేను వేడి పూరీలు పెడతాను, అవి పొంగడం చూడటానికే పిల్లలు వంటింటి గుమ్మం దగ్గర నిలబడతారు. పచ్చిమిర్చి తగిలినది ఏదీ వద్దు, పోపులో కూడా.

ఫొటోల సంగతి గట్టిగా చెప్తున్నాను. వేరే పిల్లలున్న ఫొటో వాళ్ళ తల్లిదండ్రుల్ని అడగకుండా స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. అది వాళ్ళకి చట్టం విషయం కూడా. అమ్మమ్మకి పంపే ఫొటోలు బాబువి మాత్రమే ఉన్నవి ఎంచుకోండి.

ఇక మన పద్ధతులు. బుధవారం పొద్దున తలంటు, దేవుడి దగ్గర దీపం, హారతి, అక్షింతలు. ఇక్కడ ఏడు గంటలంటే నవంబర్‌లో ఇండియాలో పదకొండున్నర, అమ్మమ్మ, నానమ్మ ఇద్దరూ తీరిగ్గా ఉంటారు. వీడియో కాల్‌లో అక్షింతలు వేయించండి, సేమ్యా పాయసం ఒక స్పూను పెట్టి కిటాకి పంపండి. సాయంత్రం చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి అవుతుంది. సాంబ్రాణి వేసేవాళ్ళయితే కిటికీ తీయండి. జర్మనీలో ఇళ్ళలో పొగ అలారాలు తప్పనిసరి, అది మోగితే బాబు పుట్టినరోజని బిల్డింగంతటికీ తెలుస్తుంది. ఆయుష్యహోమం ఇంట్లో ఆలోచించకండి, గుడిలో అడగండి.

తిథి ప్రకారం చేస్తారా అన్నది మీరు రాయలేదు. చేసేవాళ్ళయితే ఇండియా క్యాలెండర్ చూడకండి. తిథిని సూర్యోదయానికి చూస్తారు. నవంబర్ మధ్యలో ఇక్కడ సూర్యోదయం ఏడున్నరకి, అంటే ఇండియాలో పన్నెండు. ఈలోపు తిథి మారిపోయి ఒక రోజు తేడా రావచ్చు. మీ ఊరి పేరు ఎంచుకునే పంచాంగం వెబ్‌సైట్లు ఉన్నాయి, వాటిలో చూడండి. కొవ్వొత్తులు ఊదడం దీపం ఆర్పినట్టే అని పెద్దవాళ్ళు బాధపడితే ఇంట్లో దీపం, పార్టీలో కొవ్వొత్తి అని వేరుగా పెట్టుకోండి. నాకైతే ఇందులో గొడవేమీ కనపడదు.

ఆ పదిహేను కుటుంబాల కోసం విడిగా హాలు తీసుకునే ముందు ఒక్కటి కనుక్కోండి: మీ దగ్గరి తెలుగువాళ్ళు కార్తీక వనభోజనాలు పెట్టుకుంటున్నారా అని. ఈ చలికి ఉసిరి చెట్టూ ఉండదు, వనమూ ఉండదు, చర్చి హాలో, క్రీడా సంఘం హాలో తీసుకుని తలా ఒక వంట తెచ్చుకుంటారు. ఆ రోజు మీరొక గుడ్డు లేని కేక్, పాయసం పట్టుకెళ్తే అందర్నీ కలిసినట్టే, ఖర్చు కూడా పంచుకున్నట్టే. అలాంటిది లేకపోతే 16 ఆదివారం మధ్యాహ్నం బాగా దగ్గరి నాలుగైదు కుటుంబాల్ని ఇంటికి భోజనానికి పిలవండి. మిగతావాళ్ళు నొచ్చుకుంటారేమోనని మొదటి రెండేళ్ళు భయంగా ఉంటుంది, నిజమే. వాళ్ళూ చిన్న ఫ్లాట్లలోనే ఉంటున్నారు, అర్థం చేసుకుంటారు. కుర్చీలు చాలకపోతే పక్కింటి పెద్దావిణ్ణి అడగండి, చీటీ అతికించి ఉంటారు కాబట్టి కారణం మళ్ళీ చెప్పక్కర్లేదు.